ముప్పయ్యారు ఫొటోల విద్య

దరఖాస్తులో పదకొండు గడులు ఉన్నాయి. పదింటిని ఎసెన్‌కుల్ కూర్చున్నచోటనే నింపేశాడు. పేరు, పుట్టిన ఏడు, చదువు, వృత్తి, వ్యాధులు ఉన్నాయా, శిక్షలు పడ్డాయా వంటి ప్రశ్నలకు జవాబులు అతని గుండ్రని దస్తూరీలో వరుసగా దిగిపోయాయి. ఏడో గడి మాత్రం ఖాళీగా మిగిలింది. అందులో అడిగింది ఒకటే: ‘ఈ విద్యను ఎవరి వద్ద నేర్చుకున్నారు?’

ఆ కాగితాన్ని అతడు మూడు రోజులు కోటు లోపలి జేబులో మోశాడు. నాలుగో రోజు ఉపాధ్యాయుల గదిలో టీ తాగుతుండగా వ్యాయామ ఉపాధ్యాయుడు తెల్తాయ్ దాన్ని లాక్కుని చూశాడు.

“ఇదేంటి అగాయ్, ఏడో గడి దగ్గర కలానికి కునుకు పట్టిందా?”

మాస్టారిని ఆ ప్రాంతంలో అగాయ్ అంటారు. ఎసెన్‌కుల్‌ను పిల్లలే కాదు, ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు.

“తర్వాత రాద్దామని ఊరుకున్నాను.”

“ఊరంతా ఎరిగిన పేరాయె. దానికి ముందేంటి, తర్వాతేంటి?” అంటూ తెల్తాయ్ బల్లమీద వంగి, పెద్ద అక్షరాలతో ‘క్వోన్’ అని రాసి, కింద గీత కూడా గీశాడు. “అయిపోయింది. ఆదివారం పట్నం నుంచి ఆ మనిషి వస్తాడు, చూస్తాడు, ముద్ర కొడతాడు. జిల్లాకంతా నువ్వే శిక్షకుడివి. నా కుస్తీ పిల్లలంతా నీ దగ్గరికి ఉడాయిస్తారు. నేను వాలీబాల్ వల చిరుగులు కుట్టుకుంటూ కూర్చుంటాను.”

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. ఎసెన్‌కుల్ కూడా నవ్వాడు. అందరి నవ్వులూ ఆగిపోయాక కూడా అతని నవ్వు ముఖం మీద మరి కాసేపు నిలిచి ఉంది.

కరాటే నేర్పడం నేరమన్న ఆజ్ఞను ప్రభుత్వం నిరుడే ఎత్తివేసింది. ఇప్పుడు ప్రతి జిల్లాలోనూ బహిరంగంగా శిక్షణ తరగతులు తెరుస్తున్నారు. అందుకు కావలసిన శిక్షకులను పరీక్షించి ఎంపిక చేయడానికి రాజధాని ఫ్రూంజె నుంచి ఒక పరీక్షకుడు ఊరూరా తిరుగుతున్నాడు. ఎసెన్‌కుల్‌కు నలభై ఒక్కేళ్లు. పదకొండేళ్లుగా, ఒక్క ఉదయం కూడా మానకుండా, నాలుగు గోడల మధ్య ఒంటరిగా సాధన చేసిన మనిషి అతడు. అంత కాలం ఎవరూ చూడని పనిని ఒక్కసారి, తెలిసిన మనిషి ఒకడు చూసి ‘బాగుంది’ అనాలన్న కోరిక అతనికి ఉద్యోగం కంటే పెద్దది. ఆ ఉద్యోగం కూడా కావాలి. ఈ రెండింటికీ అడ్డంగా నిలిచింది ఆ ఏడో గడి.

*

ఆ విద్య అతని దగ్గరికి ఒక పోస్టు పొట్లంలో వచ్చింది. ఫ్రూంజెలో ఫొటో స్టూడియోలో పనిచేసే పినతండ్రి కొడుకు దాన్ని పంపాడు. విదేశీ పుస్తకం ఒకటి ఒక్క రోజుకు చేతికి చిక్కితే, అందులోని ఒక విన్యాసాన్ని మొత్తం ఒక ఫిల్ము చుట్టలో ఫొటోలు తీసి పెట్టుకున్నాడు. అక్షరాలు ఎలాగూ చదవలేరు కనుక వాటిని కత్తిరించేసి, బొమ్మలు మాత్రమే అచ్చువేసి, వెనక పెన్సిలుతో ఒకటి నుంచి ముప్పయ్యారు దాకా అంకెలు వేశాడు. ప్రతి ఫొటోలోనూ తెల్లని బట్టలు కట్టుకున్న మనిషి ఒక్కడే. ఒక్కోదానిలో ఒక్కో భంగిమ. మొదటి ఫొటోలో అతడు కాళ్లు కొద్దిగా ఎడం చేసి, పిడికిళ్లు తొడల ముందుంచి నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆఖరి ఫొటోలోనూ అంతే.

ఊరి అంచున, కాలువ ఒడ్డున, సమష్టి వ్యవసాయ క్షేత్రం వారి ఉన్ని కత్తిరింపు కొట్టం ఉంది. ఏడాదికి మూడు వారాలు మాత్రమే అందులో పని జరుగుతుంది. మిగిలిన రోజుల్లో అది గొర్రె కొవ్వు వాసనతో, నూనె ఇంకి నున్నబడిన చెక్క నేలతో ఖాళీగా పడి ఉంటుంది. ఎసెన్‌కుల్ అక్కడ తాడు కట్టి, ఫొటోలను బట్టల క్లిప్పులతో వరుసగా తగిలించాడు. వారానికి ఒక ఫొటో చొప్పున నేర్చుకున్నాడు. అద్దం లేదు, కిటికీ పలకలో నీడ చూసుకునేవాడు. నేల జారుతుంది గనుక అడుగులు చిన్నవి చేసుకున్నాడు. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు మనిషి ఎలా వెళ్లాడో ఫొటో చెప్పదు. ఆ ఖాళీని అతడు బళ్లో తాను చెప్పే భౌతికశాస్త్రంతో పూరించాడు.

ఈ విద్య చుట్టూ అల్లుకున్న గాలి కబుర్లను అతడు నమ్మలేదు. కడుపులో దాగిన శక్తి, చూపుతో పడగొట్టడం, ముట్టుకోకుండా విరగ్గొట్టడం వంటివి చెప్పినవారిని, ‘ఎన్నిసార్లు చూశారు? ఎంత దూరం నుంచి?’ అని అడిగేవాడు. ఎముకలు తులాదండాలు, కీళ్లు ఆధారబిందువులు, మిగిలినదంతా బలమూ వేగమూ. ఆ పద్ధతిలో ముప్పయ్యారు కదలికలకూ ఒక నోటుపుస్తకంలో వివరణ రాసుకున్నాడు. కుడి పిడికిలితో గుద్దిన వెంటనే ఎడమ చేయి నుదుటి మీదికి ఎందుకు లేవాలి? గుద్దినప్పుడు భుజాల్లో పుట్టిన భ్రమణం మనిషిని ముందుకు పడదోయకుండా, పైకి లేచే చేయి దాన్ని మింగేస్తుంది. పటం గీసి, బాణాలు వేసి, కింద సూత్రం రాశాడు. వివరించలేని కదలిక ఒక్కటి కూడా మిగలనందుకు అతడు గర్వపడ్డాడు. ఏ ఒక్కటైనా వివరణకు లొంగకపోతే బాగుండేదన్న ఆలోచన అతనికి అప్పట్లో రాలేదు.

మూడో ఏట, వసంతకాలంలో ఒక ఉదయం, చెక్కల సందులోంచి తెల్తాయ్ గొంతు వినిపించింది.

“ఏంటి అగాయ్, ఈగలు తోలుతున్నావా?”

ఎసెన్‌కుల్ చేయి గాలిలోనే ఆగిపోయింది. తెల్తాయ్ తలుపు తోసుకుని వచ్చాడు. కుస్తీవాడు గనుక నవ్వుతున్నా కళ్లు మాత్రం కాళ్ల కదలికను పట్టుకున్నాయి. ఫొటోలను చూశాడు, మనిషిని చూశాడు.

“మళ్లీ చెయ్యి.”

చేశాడు. తెల్తాయ్ నవ్వు ఆపేశాడు.

“ఉత్త ఈగలు కాదే ఇవి. ఎవరిచ్చారు నీకు బాతా?”

అరచేతులు రెండూ చాచి, నాలుగు మంచి మాటలు పలికి, ముఖం తుడుచుకుంటూ గురువు ఇచ్చే దీవెన అది. ఆ నేలమీద కమ్మరి కొడుకైనా తండ్రి బాతా ఇవ్వనిదే సుత్తి పట్టడు. డేగను పెంచేవాడు, జీను కుట్టేవాడు, విరిగిన ఎముక కట్టేవాడు, అందరూ ఒకరి చేతుల్లోంచి విద్యను అందుకున్నవాళ్లే. దీవెన లేని పనితనాన్ని జనం దొంగసొత్తులా చూస్తారు. ఇది మూఢత్వమనీ, విద్యకు కావలసింది దీవెన కాదు, పరిశీలన అనీ ఎసెన్‌కుల్ తరగతిలో ఎన్నోసార్లు చెప్పాడు. కానీ బట్టల క్లిప్పులకు వేలాడుతున్న ఫొటోల కింద, చెమటలు కక్కుతూ, పాత బనీనులో నిలబడి, ‘నాకెవరూ నేర్పలేదు, కాగితాలు చూసి నేర్చుకున్నాను’ అని ఒక కుస్తీవాడితో చెప్పడానికి మనసొప్పలేదు. తెరిచిన తలుపులోంచి కాలువ అవతల ఉల్లిపొలం కనబడుతోంది. అక్కడ కొరియా ముసలాయన క్వోన్ వంగి కలుపు తీస్తున్నాడు. కొరియావాళ్లు ఏటా వసంతంలో వచ్చి, పొలం కౌలుకు పట్టి, ఉల్లి పండించి, ఆకురాలు కాలంలో వెళ్లిపోతుంటారు.

“ఆయన,” అన్నాడు ఎసెన్‌కుల్.

తెల్తాయ్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. “అదీ సంగతి! నేననుకుంటూనే ఉన్నాను. డెబ్బయ్యేళ్లకు దగ్గరపడుతున్నా ఆ నడుం చూడు, పొద్దుట వంగితే పొద్దుగూకేదాకా లేవడు. మామూలు మనిషి నడుమా అది?”

క్వోన్ జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాడు. కానీ ఆ ముఖం ఉన్నవాడికి ఆ విద్య పుట్టుకతోనే వస్తుందని ఊరు ముందే తీర్మానించుకుని ఉంది. అందుకు సాక్ష్యం మాత్రమే కొత్తగా దొరికింది. ఆ వేసవిలో ముసలాయనకు దారిన పోయేవాళ్లు గుర్రం దిగి నమస్కరించారు. తొలి గుర్రప్పాలు పులియబెట్టిన కుమీస్‌ను ఎవరో గిన్నెతో తెచ్చి గట్టున పెట్టి వెళ్లారు. ఒకనాడు ఆయన కాలువ ఇవతలికి వచ్చి, టోపీ తీసి తల గోక్కుంటూ ఎసెన్‌కుల్‌నే అడిగాడు.

“అగాయ్, మీరు చదువుకున్నవారు, చెప్పండి. ఏటా నా పొలంలో నాలుగో వంతు ఉల్లి దొంగలపాలు అయ్యేది. ఈ ఏడు ఒక్క గడ్డ పోలేదు. జనానికి ఏమైంది?”

“మంచి బుద్ధి పుట్టిందేమో ఆతా,” అన్నాడు ఎసెన్‌కుల్, తాతను పిలిచినట్లు.

“పుడితే పుట్టింది గానీ, నాకు భయంగా ఉంది,” అని ముసలాయన నవ్వి వెళ్లిపోయాడు.

*

కరాటే నేర్పడం నేరమన్న ఆజ్ఞ వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు. ఉల్లిగడ్డ ఊరే రోజుల్లో ఒక మధ్యాహ్నం మిలీషియా పోలీసుల జీపు పొలం గట్టున ఆగింది. ముసలాయన్ను చేతిలో కొడవలితోనే ఎక్కించుకుని వెళ్లారు.

ఎసెన్‌కుల్ భార్య బురుల్ ఆ సంగతి రొట్టెల కొట్టు దగ్గర విని వచ్చింది. ఫొటోల కథ ఆమెకు మొదటి నుంచీ తెలుసు, క్లిప్పులు ఆమెవే.

“ఏమండీ, వెళ్లి చెప్పండి.”

“ఏమని?”

“ఆయనకేం తెలియదని. నోటికొచ్చింది వాగానని.”

“చెబితే నన్ను జైల్లో కూర్చోబెడతారు. బళ్లో ఉద్యోగం పోతుంది.”

“మీరు ఎవరికీ నేర్పలేదు కదా, మిమ్మల్నెందుకు కూర్చోబెడతారు?”

“ఆయన కూడా ఎవరికీ నేర్పలేదు. రెండు రోజుల్లో వాళ్లకే తెలుస్తుంది, వదిలేస్తారు,” అన్నాడు. తన మాటలోని తర్కం తనకే వినిపించింది. నిర్దోషి కనుక ఆయనకు ప్రమాదం లేదట. అంతకంటే నిర్దోషి కాని తనకు మాత్రం ఉన్నదట. మర్నాడు బురుల్ తాడు మీద బట్టలు ఆరేస్తూ, “నా క్లిప్పులు నాకు తెచ్చిపెట్టండి,” అంది.

పదకొండు రోజుల తర్వాత క్వోన్ తిరిగి వచ్చి, పొలంలో ఉల్లి ఉండగానే సామాను ఒక బండికి ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఠాణాలో ఏం జరిగిందో ఎసెన్‌కుల్ ఎవరినీ అడగలేదు. ఉల్లి పూతకు వచ్చి, తెల్లని బంతులుగా విచ్చుకుని, చివరికి గొర్రెల పాలైంది. కొట్టం కిటికీలోంచి అది రోజూ కనబడేది. అతడు నిలబడే దిక్కు మార్చుకున్నాడు. సాధన మాత్రం ఒక్క రోజూ మానలేదు.

*

ఆదివారం నాడు బడి హాలు నిండిపోయింది. పరీక్షకుడు ఇల్దార్ గలీమొవిచ్ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, దళసరి కళ్లద్దాలతో మందుల షాపు మనిషిలా ఉన్నాడు. ఆజ్ఞ అమల్లో ఉన్నప్పుడు ఆ విద్య నేర్పినందుకు ఆయన రెండేళ్లు జైల్లో ఉన్నాడని జనం చెవులు కొరుక్కున్నారు. తెల్తాయ్ మాత్రం హాల్లో లేడు. పొద్దున్నే మోటారు సైకిలుకు సైడుకారు తగిలించుకుని, ‘మీకందరికీ ఒక బహుమానం తెస్తా’ అని ఎటో వెళ్లాడు.

ఎసెన్‌కుల్ తెల్లని బట్టల్లో మధ్యకు వచ్చి నిలబడ్డాడు. నోటుపుస్తకం అప్పటికే పరీక్షకుడి బల్లమీద పెట్టాడు. మొదటి భంగిమ నుంచి ఆఖరి భంగిమ దాకా ముప్పయ్యారింటిని తడబడకుండా చేశాడు. పదకొండేళ్లలో ఇంత బాగా ఎన్నడూ చేయలేదని అతనికే అనిపించింది. చప్పట్లు మోగాయి.

ఇల్దార్ గలీమొవిచ్ చప్పట్లు కొట్టలేదు. మళ్లీ ఒకసారి, నెమ్మదిగా చేయమన్నాడు. చూశాడు. నోటుపుస్తకంలో నాలుగు పేజీలు తిరగేశాడు. తర్వాత అతణ్ని కిటికీ దగ్గరకు పిలిచి గొంతు తగ్గించాడు.

“మీరు ఆఖరి కదలికతో మొదలుపెట్టి మొదటిదానితో ముగించారు.”

“నాకు అర్థం కాలేదు.”

“ఇటు చూడండి.” ఆయన టీ కప్పు కిటికీ గట్టున పెట్టి, కోటు విప్పకుండానే నాలుగు కదలికలు చేశాడు. చేయి నుదుటి మీదికి లేచింది, తర్వాత పిడికిలి సూటిగా వెళ్లింది. “ముందు వాడు కొడతాడు. నేను ఆపుతాను. ఆ తర్వాత నేను కొడతాను. మీరేమో ముందు కొట్టి, రాని దెబ్బను ఆ తర్వాత ఆపుతున్నారు. చూడకుండా తిరుగుతున్నారు, తిరిగాక చూస్తున్నారు. ఒక్కటి తప్పలేదండీ, మొత్తం తలకిందులు. ఇంత శుభ్రంగా తలకిందులు చేసినవాణ్ని నేనింతవరకు చూడలేదు.”

ఆయన వెక్కిరించడం లేదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. ఆ నాలుగు కదలికలూ ఎసెన్‌కుల్ ఎరిగినవే. వెనక్కి తిప్పిన సినిమా చుట్టను ఎవరో సరిగ్గా నడిపినట్లు ఉన్నాయి. మొదటి ఫొటో, ఆఖరి ఫొటో ఒకేలా ఉండేవి. ఆ పినతండ్రి కొడుకు ఫిల్ము చుట్టను తోక వైపు నుంచి విప్పి అంకెలు వేసి ఉంటాడు. అంతే జరిగింది. యంత్రశాస్త్ర సూత్రాలకు కాలం ముందుకు నడిచినా వెనక్కి నడిచినా ఒకటేనని అతడు ఏటా తొమ్మిదో తరగతికి చెబుతాడు. తన నోటుపుస్తకంలోని సూత్రాలు కూడా అలాగే, ఏ అభ్యంతరమూ చెప్పకుండా, తప్పుకు సాక్ష్యం చెబుతూ వచ్చాయి. ఎదురుగా ఒక్కసారి, ఒక్క మనిషి నిలబడి చెయ్యి ఎత్తి ఉంటే ఒక్క నిమిషంలో బయటపడేది. బల్లమీద ఆ పుస్తకం తెరిచే ఉంది. పటాలు, బాణాలు కనబడుతున్నాయి. దాన్ని మూయాలని ఉంది, చేయి రాలేదు.

“ఒక మాట,” అన్నాడు ఇల్దార్ గలీమొవిచ్. “గురువు పేరు క్వోన్ అని రాశారు. ఆయనే అలా నేర్పారా? నాకు తెలియని పాత శాఖలు ఉండవచ్చు. ఒక మనిషి కావాలనే అలా నేర్పి ఉంటే అది తప్పు కాదు, ఒక సంప్రదాయం. ఆయన వచ్చి ఒక్క మాట చెబితే చాలు, అలాగే రాసి ముద్ర వేస్తాను. మీ శరీరం బాగా తయారైంది. అది అబద్ధం కాదు.”

ఎసెన్‌కుల్ జవాబు వెతుక్కుంటూ ఉండగానే ఆవరణలో మోటారు సైకిలు ఆగింది.

తెల్తాయ్ తలుపులు బార్లా తెరిచి, ఒక చేత్తో ముసలాయన మోచేయి పట్టుకుని నడిపించుకొచ్చాడు. “తొక్మొక్ సంతలో దొరికారు! కారట్ తురుము అమ్ముతుంటే బేరం మధ్యలో ఎత్తుకొచ్చాను. లేవండి, ఉస్తాద్‌కు దారి ఇవ్వండి!” క్వోన్ బాగా కుంగిపోయి ఉన్నాడు. చేతిలో కారట్ తురుము డబ్బా ఇంకా ఉంది. జనం లేచారు. ఎవరో పెద్దాయన ముందుకు వచ్చి, ముందుగానే సిద్ధం చేసుకున్న నీలి ముఖమలు చపాన్‌ను ముసలాయన భుజాల మీద కప్పాడు. అంత బరువైన కోటు కింద ఆయన ఇంకా చిన్నగా కనిపించాడు.

ఇల్దార్ గలీమొవిచ్ కుర్చీ చూపించి మర్యాదగా అడిగాడు. “ఆతా, ఈ అగాయ్‌కి విద్య నేర్పింది మీరేనా?”

“నేనే,” అన్నాడు క్వోన్ వెంటనే. ఎసెన్‌కుల్ వైపు చూడను కూడా లేదు. “సంతకం ఎక్కడ పెట్టాలి?”

“సంతకం అక్కర్లేదు. చివరి నుంచి మొదటికి చేయమని నేర్పారా?”

“చివరి నుంచి మొదటికేనా? సరే, చివరి నుంచి మొదటికే.”

“లేక మొదటి నుంచి చివరికా?”

“అలా కావాలంటే అలాగే నేర్పాను.”

హాల్లో కొందరు నవ్వారు. ఇల్దార్ గలీమొవిచ్ నవ్వలేదు. కలం పక్కన పెట్టాడు. “ఆతా, ఇది ఠాణా కాదు. మీకెందుకు భయం?”

“భయం కాదు నాయనా. అలవాటు,” అన్నాడు క్వోన్. “అప్పుడు తొమ్మిది రోజులు కాదు కాదన్నాను. ఒక్క కాదు కూడా రాసుకోలేదు వాళ్లు. పదో రోజు అవునన్నాను. చక్కగా రాసుకుని మర్నాడు పంపించేశారు. ఎవరికి నేర్పావో ఒక పేరు చెప్పమన్నారు. నాకు ఎవరు తెలుసు? చచ్చిపోయిన మా అన్న పేరు చెప్పాను. అవునంటే పని తొందరగా తెములుతుంది. నా బేరం అక్కడ ఎండలో ఉంది, సంతకం ఎక్కడ పెట్టమంటారో చెప్పండి, పెట్టి పోతాను.”

ఎసెన్‌కుల్ మౌనంగా ఉంటే చాలు. ముసలాయన అవునన్నాడు; పరీక్షకుడు ముద్ర తెచ్చుకున్నాడు; తప్పు సంప్రదాయం అవుతుంది. ఆరేళ్ల క్రితం కూడా అతడు చేసింది ఇదే, మౌనంగా ఉండటమే. కాకపోతే ఆ మౌనానికి రెండో వైపు తొమ్మిది రోజులు కాదన్న గొంతు ఒకటి ఉందని అప్పుడు తెలియదు. తెలుసుకోలేదు. తెలుసుకోకపోవడానికి జాగ్రత్తపడ్డాడు.

“ఆయనకేమీ తెలియదు,” అన్నాడు.

అందరికీ వినబడేలా మళ్లీ అన్నాడు. “ఆయన నాకేమీ నేర్పలేదు. ఎవరూ నేర్పలేదు. ఫొటోలు చూసి నేర్చుకున్నాను. ఆ ఫొటోల వరస కూడా తలకిందులు. ఆ రోజు తెల్తాయ్ అడిగితే సిగ్గేసి, ఎదురుగా కనిపించిన మనిషిని చూపించాను. ఆయన్ను తీసుకుపోయినప్పుడు ఇంట్లో కూర్చున్నాను.”

వెనక బెంచీల్లో ఎవడో, “మన అగాయ్ వెనక్కి నేర్చాడ్రోయ్!” అన్నాడు. పక్కవాడు వాణ్ని మోచేత్తో పొడిచాడు.

తెల్తాయ్ ముఖం ఎర్రబడింది. “అంటే నేను... దారి పొడుగునా ఆయన్ని ఉస్తాద్ ఉస్తాద్ అని పిలిచాను.” తర్వాత అంతకంటే నెమ్మదిగా అన్నాడు: “ఆ రోజుల్లో నేను ఎంతమందికి చెప్పానో. సంతలో చెప్పాను, కుస్తీ పోటీల్లో చెప్పాను. గొప్పగా చెప్పుకున్నాను. నీతో పాటు నన్నూ ముంచావు కదయ్యా!”

ఇల్దార్ గలీమొవిచ్ ఏడో గడిలోని పేరును ఒక్క గీతతో కొట్టేశాడు. ముద్రను డబ్బాలో పెట్టి మూత వేశాడు. “నేర్పినందుకు నేను రెండేళ్లు కూర్చున్నాను,” అన్నాడు ఎవరితోనూ కాకుండా. “నేర్పనందుకు కూర్చున్నవాణ్ని ఇవాళ చూశాను.” నోటుపుస్తకాన్ని మూసి ఎసెన్‌కుల్ వైపు జరిపాడు. ఉద్యోగం గురించి ఎవరూ ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది.

ఎసెన్‌కుల్ ముసలాయన కుర్చీ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“ఆతా...”

క్వోన్ అప్పుడు మొదటిసారి తలెత్తి అతణ్ని పరీక్షగా చూశాడు. “అయితే నువ్వా,” అన్నాడు. కాలువ గట్టున ఏనాడూ ‘మీరు’ తప్ప అనని మనిషి. “ఇన్నాళ్లూ మా ఉల్లివాళ్లలోనే ఎవడో గిట్టక చెప్పాడనుకున్నాను. ఇద్దరితో మాటలు కూడా మానేశాను. ఒకడు పోయాడు.”

జారిపోతున్న చపాన్‌ను భుజాల మీదికి లాక్కున్నాడు.

“ఏదీ, చూపించు,” అన్నాడు క్వోన్.

“ఏం చూపించను?”

“అదే. నేను నీకు నేర్పింది. జనమంతా చూశారట, నేను రాకముందు. నేను మాత్రం ఇంతవరకు చూడలేదు.”

లేచి వెళ్లబోతున్నవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ఎసెన్‌కుల్ హాలు మధ్యకు వెళ్లాడు. పదకొండేళ్లుగా శరీరానికి తెలిసినది ఒక్కటే వరస. అది తప్పని తెలిసినా మరోలా చేయడం రాదు. మొదలుపెట్టాడు. ప్రతి కదలికా ఏమిటో ఇప్పుడు అర్థమవుతోంది. ఇక్కడ ఎవరూ లేనిచోట కొడుతున్నాడు. ఇక్కడ చూడకుండా వీపు తిప్పుతున్నాడు. ఇక్కడ అంతా అయిపోయాక చేయి అడ్డం పెడుతున్నాడు. ఇంతకు ముందు చప్పట్లు మోగిన చోట ఇప్పుడు అతని పాదాల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ముప్పయ్యారోదానికి వచ్చి, పిడికిళ్లు తొడల ముందుంచి నిలబడ్డాడు.

“అంతేనా?” అన్నాడు క్వోన్.

“అంతే ఆతా.”

ముసలాయన కారట్ డబ్బాను ఒళ్లోంచి తీసి కుర్చీ పక్కన నేలమీద పెట్టాడు. “ఇంటికి పోయిన రోజున మా ఆవిడ అడిగింది, ఏమయ్యా, ఏం విద్య నేర్పావని పట్టుకెళ్లారు, ఎలా ఉంటుందది అని. నేనేం చెబుతాను, చూస్తే కదా. నాకూ తెలియదే అంటే నమ్మలేదు. నలభయ్యేళ్లు కాపురం చేసి నా దగ్గర దాచావా అని కొన్నాళ్లు అలిగింది కూడా.” వేళ్లకంటిన తురుమును తుడుచుకున్నాడు. “ఇప్పుడు చెబుదామంటే వినడానికి ఆవిడ లేదు.”

తర్వాత చపాన్ కిందినుంచి తన చెయ్యి బయటికి తీసి, నుదుటి మీదికి ఎత్తి చూపించాడు. “ఇదిగో, ఇలా ఎత్తావే, అది మళ్లీ ఒకసారి చెయ్యి. సరిగ్గా కనబడలేదు.”

ఎసెన్‌కుల్ ఎడమ చేయి నుదుటి మీదికి ఎత్తాడు. ఆయన చాలు అనేదాకా దించకూడదనుకుని అలాగే నిలబడ్డాడు. భుజం వణకడం మొదలైంది. క్వోన్ రెప్ప వేయకుండా చూస్తున్నాడు. చాలు అని మాత్రం అనలేదు.